ఊరు దాటి వెళ్లే ఆరోగ్య బోధకుడి బాధ్యత

ప్రకృతి వైద్యం, ఆహార నియమాలు, శ్వాస సాధన, నిద్ర వంటి విషయాలను ఊరూరా తిరిగి బోధించే వృత్తిలో ఒక ప్రత్యేకమైన లోపం ఉంది. వైద్యుడు చెప్పిన సలహా వికటిస్తే రోగి వారం తిరగకముందే ఆయన గుమ్మం ముందు నిలబడతాడు. శిబిరం నడిపిన బోధకుడు మాత్రం అప్పటికి వేరే ఊళ్లో, వేరే సభలో అవే మాటలు చెబుతూ ఉంటాడు. తన మాట వల్ల ఎవరికి మేలు జరిగిందో, ఎవరికి కీడు జరిగిందో తెలియకుండానే అతని అనుభవం ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఆ అనుభవానికి చప్పట్లు తప్ప వేరే ఆధారం ఉండదు. ఈ పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయాన్ని సూటిగా చెబుతాను. ఊరు వదిలి వెళ్లే మనిషి, తాను వెళ్లిన తరువాత ఎవరికీ ప్రమాదం కలిగించని విషయాలనే వేదిక మీద చెప్పాలి. ఆ వేదిక దగ్గర ఏ వస్తువునూ అమ్మకూడదు.

సభలో కూర్చున్నవారిలో ఎవరు ఇన్సులిన్ వేసుకుంటున్నారో, ఎవరి మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయో, ఎవరు గర్భవతో మాట్లాడే మనిషికి తెలియదు. ఉపవాసం మీద చేసే ప్రసంగాన్నే తీసుకోండి. ఆరోగ్యవంతుడు ఒక పూట భోజనం మానేస్తే ఆకలి వేస్తుంది, అంతే. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్చుకోకుండా అదే పూట మానేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఉప్పు తగ్గించమనడం మంచి సలహాయే. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడమని మరొక్క మాట చేరిస్తే, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికీ అది గుండె లయను దెబ్బతీసే సలహా అవుతుంది.

మూలికల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే సహజమైనది హాని చేయదన్న నమ్మకంతోనే చాలామంది శ్రోతలు వస్తారు. అతిమధురాన్ని ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఒంట్లో పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. దిగులు తగ్గిస్తుందని పేరున్న సెయింట్ జాన్స్ వర్ట్ కాలేయంలోని ఎంజైముల పనిని పెంచి, గర్భనిరోధక మాత్రలతో పాటు అవయవ మార్పిడి జరిగినవారు వాడే సైక్లోస్పోరిన్ ప్రభావాన్ని కూడా తగ్గిస్తుంది. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా జాతి మొక్క చేరడంతో వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి తరువాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఒకే నగరంలో ఒకే రకమైన రోగులు కనిపించబట్టి వైద్యులు కారణాన్ని వెతికి పట్టుకోగలిగారు. అవే మాత్రలను ఊరికి కొందరి చొప్పున అమ్ముకుంటూ పోయి ఉంటే ఆ సంబంధం ఎవరి కంటికి కనిపించేది?

అలాగని ఈ వృత్తి అనవసరమని నేను అనను. దాని విలువను నిండు మనసుతో నమ్ముతాను. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్నవారికి శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా ఇచ్చి తోడు నిలిస్తే, ఆ జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రలతో తగ్గినది 31 శాతమే. ఆ అధ్యయనంలో ప్రతి ఒక్కరికీ ఒక శిక్షకుడు ఉన్నాడు, మొదటి ఆరు నెలల్లో 16 పాఠాలు విడివిడిగా చెప్పాడు, ఆ తరువాత కూడా కలుస్తూనే ఉన్నాడు. చెప్పిన విషయంలో కొత్తదనం తక్కువ. ఫలితం వచ్చింది వెంట ఉండి అడుగుతూ ఉన్నందువల్లనే అని నేను భావిస్తాను.

అమ్మకం గురించి కూడా చెప్పాలి. ప్రయాణ ఖర్చులు రాబట్టుకోవడానికి పొడులు, మాత్రలు బల్ల మీద పరిచే బోధకులు నాకు తెలుసు. వారిలో చాలామంది మంచివారే. కానీ సరుకు మిగిలిపోతే నష్టపోయే మనిషి, మీకిది అవసరం లేదని ఎదుటివారికి చెప్పడం చాలా కష్టం. అందుకే పిలిచినవారే బోధనకు తగిన రుసుము ముందుగా చెల్లించాలి. ఉచిత ప్రసంగం చివరికి వినేవారికే ఎక్కువ ఖరీదవుతుంది.

పిలిచే ముందు మన సంఘాలు బోధకుడి చదువును అడిగి తెలుసుకోవడం అవమానం కాదు. ప్రకృతి వైద్యుల శిక్షణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించిన కనీస ప్రమాణం 1500 గంటలు. అందులో కనీసం 400 గంటలు పర్యవేక్షణలో రోగులను చూసే శిక్షణ. అదే ఊళ్లో ఉండే వైద్యులో, ఫార్మసిస్టో ఒకరిని శిబిరం ముగిసేవరకు కూర్చోబెట్టండి. నెల తరువాత అదే బృందంతో బోధకుడు ఫోన్‌లో మరోసారి మాట్లాడాలని, ఎవరు ఏమి మార్చుకున్నారో, ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో వినాలని ఒప్పందంలోనే రాయించండి. ఆ రెండో సమావేశానికి కుదరదన్న బోధకుడిని మొదటిదానికీ పిలవకండి.