బరంపురం పాత వీధుల జోలికి వెళ్లేముందు జాతర దారిని పటంలో గీయండి

ఒడిశాలోని పాత బరంపురాన్ని బాగుచేయాలన్న మాట వినబడినప్పుడల్లా రోడ్డు వెడల్పు, మురుగు కాలువ, వీధి దీపాలు, పార్కింగు అన్న నాలుగు పద్దుల చుట్టూనే చర్చ తిరుగుతుంది. ఇవన్నీ కావలసినవే. అయితే ఆ వీధిలో జనం ఏ పని చేసుకుంటారో, దేనిని ప్రాణంగా చూసుకుంటారో కనుక్కోకుండా గీతలు గీసే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

నేత వీధినే తీసుకుందాం. గుంట మగ్గం మీద నేసేవారు గోతిలో కాళ్లు పెట్టుకుని, ఇంటి నేల మట్టాన కూర్చుంటారు. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సిమెంటు పోస్తూ పోతే వీధి గడపకంటే ఎత్తవుతుంది, ఒక్క గట్టి వానకే నీరు ఇంట్లోకి దిగి మగ్గం గుంటలో నిలుస్తుంది, అది ఆరేదాకా ఆ ఇంట పని ఉండదు. పడుగు, అంటే నిలువు దారాలు, సాచడానికి అడ్డంకులు లేని పొడవైన జాగా కావాలి. అరుగులను ఆక్రమణ లెక్కలో కూల్చేస్తే, కబుర్లాడుకుంటూ కండెలు చుట్టుకునే చోటు పోతుంది. గుడి ఆకారపు ఫోడా కుంభ అంచు పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వపడే ఊళ్లో, ఆ చీర పుట్టే ఇంటి గడప ఎత్తు ఎవరికీ పట్టకపోతే నాకు కడుపు మండుతుంది.

రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే బుఢీ ఠాకురాణి జాతర సంగతి ఇంకా పెద్దది. అమ్మవారు నేతవారి కులపెద్ద దేశి బెహరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుందని నమ్మిక. ఆమెకు తాత్కాలిక కోవెల ఆయన వీధిలోనే కడతారు, ఘటాలు ఊరు తిరుగుతాయి, మొక్కుకున్నవారు వేషాలు కడతారు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో చేరిన ఈ పట్టణంలో, ఇది మా ఊరే అన్న ధీమాను తెలుగువారికి ఇచ్చింది ఈ జాతరేనని నేను నమ్ముతాను. అటువంటి దారిలో ఘటం ఆగే చోట ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె కడితే ఆ నొప్పి తరాలపాటు ఉంటుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. స్కాట్లాండుకు చెందిన పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ 1914-15లో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగి, ఇరుకు వీధులను పడగొట్టి తిన్నని రోడ్లు వేయడాన్ని వ్యతిరేకించాడు. వీధి వీధీ నడిచి చూసి, బాగా పాడైన కొన్ని ఇళ్లను మాత్రమే తీసి, మిగతావి నిలపాలన్నాడు. తర్వాత ప్లేగు పీడించిన ఇందౌర్‌లో, శుభ్రమైన వీధుల గుండానే దీపావళి ఊరేగింపు సాగుతుందని చాటిస్తే, జనమే చెత్త ఎత్తిపోసి ఇళ్లు బాగుచేసుకున్నారు. జరిమానాలకు లొంగని పని ఊరేగింపుకు లొంగింది.

మన రాష్ట్రంలోనే పూరీ ఉంది. 2019లో జగన్నాథుని శ్రీమందిరం ప్రాకారం చుట్టూ 75 మీటర్ల మేర ఖాళీ చేయించినప్పుడు ఎమార్ మఠం వంటి పాత కట్టడాలు నేలమట్టమయ్యాయి. 2024 జనవరిలో ప్రారంభమైన పరిక్రమ మార్గం విశాలంగా ఉంది, భక్తులకు నడక సుఖమైంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా రామానుజుల నాటిదని చెప్పుకునే మఠం కట్టడం మళ్లీ రాదు.

అందుచేత టెండరు పిలవకముందే జాతర దారి, ఘటాలు ఆగే చోట్లు, పడుగులు సాచే వీధులు, అరుగులు సర్వే పటంలోకి ఎక్కాలి. పాత రోడ్డు తవ్వి తీశాకే కొత్తది వేయాలని, దాని మట్టం ఏ గడపనూ దాటకూడదని ఒప్పందంలో రాయాలి. పగటిపూట కార్యాలయంలో సభ పెడితే నేతపనివారికి ఆ పూట కూలి పోతుంది కనుక, మగ్గాలు ఆగాక, ఆ వీధిలోనే, ఒడియాలోనూ తెలుగులోనూ సభ జరపాలి.