కంటైనర్ల నడుమ ఆగస్టు 14
రాజకీయ ఉద్రిక్తతల వల్ల పాకిస్థాన్ స్వాతంత్ర్య దినోత్సవం కళ తప్పుతోందని రాసిన ఒక వ్యాసకర్త మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 2014 ఆగస్టు 14న అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న ఇమ్రాన్ ఖాన్, మతగురువు, రాజకీయ నేత అయిన తాహిరుల్ ఖాద్రీ లాహోర్ నుంచి ఇస్లామాబాద్‌కు వేర్వేరుగా ప్రభుత్వ వ్యతిరేక ప్రదర్శనలు ప్రారంభించినప్పుడు, ప్రభుత్వం రాజ్యాంగంలోని 245వ అధికరణం కింద రాజధాని రక్షణకు సైన్యాన్ని పిలిపించి, రహదారులకు అడ్డంగా సరుకు రవాణా కంటైనర్లను నిలబెట్టింది. అయినా పిల్లల చొక్కాలపై ఆకుపచ్చ, తెలుపు బ్యాడ్జీలు, మేడల మీద జెండాలు ఆ ఏడాదీ కనిపించాయి. నిరసన హక్కును నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ అందరిదైన రోజును బలప్రదర్శనకు ఎంచుకున్న నాయకులు గానీ, దారులు మూసిన పాలకులు గానీ రోజు కూలీల ఇబ్బందిని పట్టించుకున్నట్టు కనిపించకపోవడం బాధాకరం. ఆనాడు మొదలైన ఆందోళనను ఇమ్రాన్ ఖాన్ డిసెంబరు 17న, పెషావర్ సైనిక పాఠశాలపై దాడి జరిగిన మర్నాడు గానీ విరమించలేదు.