సోలో గంటల అంకెగారికి, కుడి సీట్లో కూర్చుని నేర్పే శిక్షకుల నుంచి

మహారాజశ్రీ అంకెగారూ,

విమానం నేర్చుకునే పిల్ల ఇంటికి ఫోన్ చేస్తే ముందు అడిగేది మీ గురించే, అంటే మొదటిసారి ఒంటరిగా ఎగరడానికి (సోలోకి) ఎన్ని గంటలు పట్టాయని. "వాళ్లబ్బాయి 12 గంటలకే ఒంటరిగా ఎగిరాడట, నీకు 18 దాటినా ఇంకా పంపలేదేమే?" ఎంసెట్ ర్యాంకు తర్వాత తెలుగిళ్లలో అంత పరపతి మీదే.

చిన్న లెక్క చూడండి. సెస్నా 172లో ఒక సర్క్యూట్‌కు, అంటే లేచి ఓ చుట్టు తిరిగి దిగడానికి, ఆరేడు నిమిషాలు. గంటకు ఎనిమిదో తొమ్మిదో ల్యాండింగులు. ముక్కెత్తి చక్రాలు ఆనించే ఫ్లేర్ నాలుగైదు సెకన్లు. లాగ్‌బుక్‌లో మీరు గంటని దర్జాగా కూర్చున్నచోట అసలు విద్య ముప్పావు నిమిషం. పదిహేను రోజులు ముసురు పట్టి ఎగరకపోతే చేతులు మళ్లీ మొదటికొస్తాయి, మీరు మాత్రం ఒక్క పాయింటు తగ్గరు. (బిల్లు కోసం మిమ్మల్ని మేపేవాళ్లు మాలోనూ ఉన్నారు, ఒప్పుకుంటాం.)

మేం చూసేది వేరు. ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వేకి సూటిగా వచ్చేటప్పుడు, వేగం 65 నాట్లుండాల్సింది 75 ఉంటే, మేం నోరు విప్పకముందే సరిచేసుకున్నారా? లేదంటే విమానం రన్‌వే మీద దిగకుండా తేలుతూ పోతుంది. కంగారులో యోక్ (విమానాన్ని నడిపే చేతిపిడి) ముందుకు తోస్తే ముక్కు చక్రం ముందు తగిలి కుప్పిగంతులు మొదలు. రెండు మూడు గంతులకే ప్రొపెల్లర్ నేల గీకుతుంది, ఇంజిన్ వెనక ఉండే అడ్డుగోడ, ఫైర్‌వాల్, మడతపడుతుంది. మొదటి గంతుకే ఫుల్ పవర్ ఇచ్చి, దిగడం మానుకుని మళ్లీ పైకి లేచే గో-అరౌండ్ చేసేవాళ్లు కావాలి మాకు. అప్పుడైనా రెక్కల వెనక దించి ఉంచిన ఫ్లాప్స్ మొత్తం ఒకేసారి ఎత్తేస్తే విమానం కుంగుతుంది. ముందు 20 డిగ్రీలకు, మిగతాది పైకెక్కడం మొదలయ్యాకే.

రన్‌వేకి సమాంతరంగా వెనక్కెళ్లే డౌన్‌విండ్‌లో చెప్పకుండా థ్రాటిల్ లాగి ఇంజిన్ పవర్ తీసేస్తాం. "సార్, ఇంజిన్..." అని మా మొహం చూస్తే ఆ రోజుకు సోలో లేనట్టే. పవర్ లేకుండా తేలుతూ దిగే గ్లైడ్ స్పీడు పట్టుకుని, రన్‌వే అందుతుందా అని చూసేవాళ్ల మీద ఆశ పుడుతుంది.

వరసగా మూడు ల్యాండింగులు మా చేతులు ఒళ్లోంచి కదలకుండా అయితే, గాలి మెత్తగా ఎదురుగా ఉంటే, దిగిపోతాం. "నా బరువు పోయింది, తొందరగా లేస్తుంది, దిగేటప్పుడు ఎక్కువ తేలుతుంది" అని మాత్రం చెబుతాం. ఖాళీ సీటు బెల్టు బిగించి మరీ దిగుతాం, వదులుగా ఉంటే యోక్‌కు అడ్డం పడుతుందని. ఆ సీట్లో మిమ్మల్ని కూర్చోబెట్టమని నాన్నగారు ఎంత సిఫార్సు చేసినా కుదరదు. కమర్షియల్ లైసెన్సుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటల దగ్గర మీ పెత్తనం ఎలాగూ ఉంది.

ఇట్లు,
కుడి సీటువాళ్లు