వెరీ ఫ్యూ వంకాయలు

ప్రపంచంలో ఇంగ్లిష్ మాట్లాడే జనం కోట్లలో ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా పొద్దున్నే లేచి పళ్లు తోముకుని 'వెరీ ఫ్యూ సిటీస్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్' అని ఉంటారా? అనేది మన పదో తరగతి పిల్లలే. అదీ రాత్రి తొమ్మిదింటికి ట్యూషన్లో, కళ్లు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ.

ఇది డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్, అంటే ఒకే పోలికను మూడు రకాలుగా తిప్పి రాయించే ఇంగ్లిష్ గ్రామర్ పాఠం. దాని దెబ్బ తినని తెలుగువాడు అరుదు కాబట్టి ఇంతకన్నా వివరించను. పాజిటివ్‌లో 'వెరీ ఫ్యూ' ఉంటే కంపారిటివ్‌లో 'దేన్ మోస్ట్ అదర్', సూపర్లేటివ్‌లో 'వన్ ఆఫ్ ది'. 'నో అదర్' ఉంటే 'దేన్ ఎనీ అదర్', ఆపైన ఉత్త 'ది'. ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ పక్కనే దీన్నీ గోడకు అంటించుకోవాలి. పోల్చడమంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. చూడాల్సింది వాక్యం మొదట్లో ఏముందన్నది మాత్రమే.

అందుకే గైడ్లలో ప్రపంచంలోకెల్లా పెద్ద ద్వీపం ఇప్పటికీ ఆస్ట్రేలియానే. అది ఖండమనీ, పెద్ద ద్వీపం గ్రీన్‌లాండ్ అనీ సోషల్ సారు ముందు పీరియడ్‌లోనే చెప్పి ఉంటారు. పిల్లవాడు సోషల్ పేపర్లో అలా, ఇంగ్లిష్ పేపర్లో ఇలా రాస్తాడు. రెండు చోట్లా మార్కులు పడతాయి. ప్లాటినం సంగతీ అంతే. 'అంత ఖరీదైన లోహం మరొకటి లేదు' అని ఏటేటా రాయిస్తూనే ఉన్నారు. బంగారం దాన్ని దాటిపోయి, 2015 నుంచి లెక్కేసుకున్నా, చాలా ఏళ్లవుతోంది. నగల కొట్టు మెట్లెక్కిన ప్రతి ఆడపిల్ల తండ్రికీ తెలిసిన ఈ ముక్క గైడ్ వేసేవాడి చెవిన ఇంకా పడలేదు.

సరే, ఇంత కష్టపడి నేర్చిన విద్యను పరీక్ష హాల్లో వదిలేసి రావడం అన్యాయం. రైతుబజారుకు తీసుకెళ్దాం.

ఒకావిడ వంకాయ తీసి, తిప్పి, తొడిమ దగ్గర చిల్లు చూసి అంటుంది: "ఈ బుట్టలో మరే వంకాయా దీనంత పుచ్చు కాదు."

అమ్మేవాడు పది ఫస్ట్ క్లాసులో పాసైనవాడు. "అమ్మా, అది పాజిటివ్. కంపారిటివ్‌లో చెప్పండి, తూస్తాను."

"ఈ బుట్టలో ఏ ఇతర వంకాయ కన్నా ఇది ఎక్కువ పుచ్చు."

"శభాష్! 'ఇతర' మర్చిపోలేదు. మర్చిపోయుంటే వంకాయ తనకన్నా తనే పుచ్చయ్యేది, అర మార్కు పోయేది."

వెనకాల పెద్దాయనకు ఓపిక నశించింది. "బాబూ, కిలో ఎంత?"

"వెరీ ఫ్యూ కూరగాయలు వంకాయంత చవక, బాబాయ్."

"అంటే ఎంతయ్యా?"

"చాలా ఇతర కూరగాయల కన్నా చవక."

"రేటు చెప్పు నాయనా!"

"అత్యంత చవకైన కూరగాయల్లో ఇదొకటి."

మూడు డిగ్రీలూ పూర్తయ్యాయి, రేటు మాత్రం బయటికి రాలేదు. పెద్దాయన సంచి ఖాళీగానే ఉంది, పుచ్చు వంకాయ బుట్టలోనే ఉంది. ఫుల్ మార్కులు.

ఈ విద్యలో నిజంగా ఆరితేరినవి మన కాలేజీలూ, కోచింగ్ సెంటర్లే. ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్ తెరవండి. మొదటి పేజీలో ఒకరు నంబర్ వన్, మూడో పేజీలో ఇంకొకరు నంబర్ వన్. టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి అని ఊపిరాడకుండా చదివే గొంతు. సూపర్లేటివ్ ఒక్కరికే దక్కాలన్న నియమం పిల్లల ఆన్సర్ షీటుకే గానీ యాజమాన్యాలకు కాదు. ఒకే ర్యాంకర్ ఫొటో రెండు మూడు ప్రకటనల్లో చిరునవ్వు చిందిస్తుంది. టెస్ట్ సిరీస్ రాసినా మా విద్యార్థే, ఇంటర్వ్యూకి నాలుగు చిట్కాలు చెప్పించుకున్నా మా విద్యార్థే. చివరికి 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది. ఫొటో వేయాలంటే ఎంపికయ్యాక ఆ అభ్యర్థి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, తమ దగ్గర ఏ కోర్సు చదివాడో చెప్పాలి. ఇదీ నిబంధన! ఎవరి మొహాన్నైనా అచ్చేసే ముందు వాళ్లనో మాట అడగాలని ప్రభుత్వం చెబితే గానీ తెలియనివాళ్లు మన పిల్లలకు చదువు చెబుతున్నారు.

అయినా ప్రకటనల్లో అబద్ధాలకు నవ్వుకుని ఊరుకోవచ్చు. హాస్టల్లో జరిగేదానికి నవ్వు రాదు. వారం వారం టెస్టు పెట్టి, మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లు మారుస్తారు. పై సెక్షన్‌కు పేరున్న లెక్చరర్, చివరి సెక్షన్‌కు నిన్న గాక మొన్న చేరినాయన. ఫీజు మాత్రం అక్కడ ఏ డిగ్రీలోనూ తగ్గదు. లిస్టు నోటీసు బోర్డు మీద, కాపీ నాన్న ఫోనులో. "వాడు తినే అన్నమే కదరా నువ్వూ తినేది?" అని ఆదివారం ఫోన్లో అమ్మ.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. అప్పుడే ఇంటర్ బోర్డు ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేసింది. మళ్లీ చూస్తే 99. సున్నాకూ తొంభై తొమ్మిదికీ తేడా కనిపించని కళ్లతోనా మీరు పిల్లల్లో ఎవరెక్కువో ఎవరు తక్కువో తేల్చేది? ఎవరిచ్చారు మీకా కొలబద్ద? పేపర్ సరిగ్గా దిద్దడం చేతకానివాళ్లకు పదహారేళ్ల పిల్లను పక్కపిల్లతో పోల్చే హక్కు ఎక్కడిది?

కాలేజీ యాజమాన్యాలూ, ఈసారి ఫలితాలొచ్చాక ఫుల్ పేజీ ప్రకటన ఇవ్వండి. చివరి సెక్షన్ పిల్లలు ఎంతమందో, వాళ్ల దగ్గర ఎంత వసూలు చేశారో, వాళ్లకు పాఠం చెప్పడానికి ఎవరిని పంపారో, ఏడాది మధ్యలో ఎంతమంది పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయారో వేయండి. గ్రామర్ తప్పులున్నా మార్కులు కోయం.