కాపీ కొట్టినవాడే మనిషి

ప్రపంచంలో ఏ ఎగ్జామ్ హాల్‌కి వెళ్లి చూసినా ఒకటే అన్యాయం. ఓ పిల్లాడు మెడ కాస్త సాచి పక్కవాడి పేపర్లోకి చూశాడనుకోండి, ఇన్విజిలేటర్ గారు గద్దలా వచ్చి పేపర్ లాక్కుని, బయటికి పొమ్మని, వీలైతే డిబార్ చేసి, అదీ చాలనట్టు వాడి అమ్మానాన్నల్ని పిలిపించి "మీవాడు కాపీ కొడుతున్నాడండీ" అని పదిమందిలో పరువు తీస్తారు. ఇది మొత్తం మానవ పరిణామానికే అవమానం అని చాలా సీరియస్‌గా మనవి చేసుకుంటున్నాను. మనిషిని మనిషిగా నిలబెట్టింది తెలివీ కాదు, కష్టపడే గుణమూ కాదు. పక్కవాడు ఏం చేస్తున్నాడో చూసి, ఎందుకు చేస్తున్నాడో అడక్కుండా, అచ్చు గుద్దినట్టు అదే చేసెయ్యడం. ఆ పిల్లాడు తప్పు చేయట్లేదండీ, వారసత్వం నిలబెడుతున్నాడు.

అసలు మనిషంటే ఎవరు అనే ప్రశ్నకి పెద్దపెద్దవాళ్లే సరిగ్గా జవాబు రాయలేకపోయారు. 1735లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జంతువులన్నిటికీ జాబితా వేస్తూ ఒక్కోదాని పళ్లు, గోళ్లు లెక్కపెట్టి రాసుకొచ్చి, మనిషి దగ్గరికి వచ్చేసరికి "నిన్ను నువ్వు తెలుసుకో" అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు, అంటే ప్రశ్నని మనకే తిప్పి పంపాడన్నమాట. తర్వాతివాళ్లు "పనిముట్లు చేసేవాడే మనిషి" అని ఓ నిర్వచనం పట్టుకుని చాలాకాలం కాలర్ ఎగరేశారు. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీల మీద పరిశోధన చేస్తున్న జేన్ గూడాల్ చూస్తుండగా ఓ చింపాంజీ పుల్లని చెదల పుట్టలోకి దూర్చి చెదల్ని బయటికి లాక్కుని తింది, ఇంకో పుల్లకైతే ఆకులు దూసి మరీ రెడీ చేసుకుంది. ఆ దెబ్బకి ఆ నిర్వచనం పోయింది. చింపాంజీలు మనకి చెయ్యగలిగిన అపకారాల్లో ఇది మొదటిది.

కానీ 2005లో మన పరువు దక్కింది. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు సైంటిస్టులు ఒక ఎక్స్‌పెరిమెంట్ చేశారు. ఒక పెట్టె, అందులో ఓ బహుమతి, పెట్టె పైన ఓ కన్నం, ముందువైపు ఓ చిన్న తలుపు. చూపించే మనిషి ముందు కర్ర తీసుకుని పై కన్నంలో పొడుస్తాడు, ఆ తర్వాత ముందు తలుపు తీసి, అదే కర్రతో బహుమతి బయటికి లాగుతాడు. లోపల ఏముందో కనబడని పెట్టె పెట్టినప్పుడు చింపాంజీలూ మొత్తం తతంగం చేశాయి, మూడు నాలుగేళ్ల పిల్లలూ చేశారు. అప్పుడు అచ్చం అలాంటిదే, లోపలంతా కనబడే పెట్టె పెట్టారు. ఇప్పుడు ఎవరికైనా తెలిసిపోతుంది, పై కన్నానికీ కింద ఉన్న బహుమతికీ మధ్య అడ్డు ఉంది, పైన తెల్లారేదాకా పొడిచినా కిందికేమీ చేరదు. చింపాంజీలు చూశాయి, ఆ పొడవడం చాలామట్టుకు మానేసి నేరుగా తలుపు దగ్గరికి వెళ్లి తిండి తీసుకున్నాయి.

మన పిల్లలు? పొడిచారు. అడ్డు కళ్ల ముందు కనబడుతుండగా, శ్రద్ధగా పొడిచారు.

చాలామంది ఈ ముక్క విని నవ్వుతారు, "అయితే చింపాంజీలే తెలివైనవన్నమాట" అంటారు. అదే తప్పు. చింపాంజీ అక్కడ ఫెయిల్ అయింది. లాజిక్ వాడింది. లాజిక్ వాడినవాడికి పండు దొరుకుతుంది గానీ నాగరికత దొరకదు. ఇదేదో బాగా చదువుకున్న ఇళ్ల పిల్లల జబ్బేమో అని ఇంకో జట్టు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరం పిల్లల్నీ ఆఫ్రికాలోని కలహారి ఎడారి బుష్‌మెన్ తెగ పిల్లల్నీ పోల్చి చూసింది, ఇద్దరూ ఒకేలా పనికిరాని పనులన్నీ పొల్లుపోకుండా కాపీ కొట్టారు. పోనీ పెద్దయ్యాక బుద్ధొస్తుందా అంటే, 2011లో పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో వాళ్లు చిన్నపిల్లల కంటే ఇంకా నిష్ఠగా కాపీ కొట్టారని తేలింది. ఆఫీసులో మీటింగులకి వెళ్లేవాళ్లెవరికీ ఇది వార్త కాదు.

ఈ నిష్ఠ ఎంత పాతదో చూడండి. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర దొరికిన చేతి గొడ్డళ్లు సుమారు 17.6 లక్షల ఏళ్ల నాటివి. రెండువైపులా చెక్కి నీటిబొట్టు ఆకారంలో చేసిన రాయి, పిడి కూడా ఉండదు, చేత్తో పట్టుకోవడమే. ఆ డిజైన్ ఆఫ్రికా నుంచి యూరప్, ఆసియాల దాకా పాకి, పదిహేను లక్షల ఏళ్లకి పైగా పెద్ద మార్పు లేకుండా నడిచింది. మధ్యలో జాతులు మారాయి, మంచు యుగాలు వచ్చి పోయాయి, మెదడు సైజు పెరుగుతూ పోయింది, గొడ్డలి మాత్రం కాస్త సన్నబడి నునుపుదేలడం తప్ప అదే గొడ్డలి. అన్ని వేల తరాల్లో ఒక్క కుర్రాడికైనా "నాన్నా, దీనికో కర్ర కడితే ఎలా ఉంటుంది" అనే డౌట్ వచ్చే ఉంటుంది, వచ్చినవాణ్ని "మీ తాత కంటే నీకు ఎక్కువ తెలుసా, మూసుకుని కొట్టు" అని కూర్చోబెట్టే ఉంటారు. ఇదంతా నా ఊహే గానీ, ఇంట్లో ఓ పెద్దమనిషి ఉన్న ఎవరైనా ఒప్పుకునే ఊహ.

ఇందులో ఇంకో విచిత్రం, మెదడు మన బరువులో 2 శాతం, తినేది మాత్రం ఒంటికి వచ్చే శక్తిలో దాదాపు 20 శాతం. ఇంత మేత మేపి పెంచిన అవయవాన్ని మనం ప్రధానంగా వాడేది ఎదుటివాడు ఏం చేస్తున్నాడా అని చూడ్డానికి.

చింపాంజీల్లో ప్రతిభ అస్సలు లేదని నేననను. జాంబియాలో చిమ్‌ఫున్షీ అనే శరణాలయంలో జూలీ అని ఓ ఆడ చింపాంజీ ఉండేది. 2010లో ఒకరోజు ఓ గడ్డిపరక తీసుకుని చెవిలో పెట్టుకుంది. దురద లేదు, నొప్పి లేదు, ఏ లాభమూ లేదు, ఊరికే పెట్టుకుని తిరిగింది. ఆ గుంపులో పన్నెండు ఉంటే ఏడు దాన్ని చూసి చెవుల్లో గడ్డి పెట్టుకోవడం మొదలెట్టాయి. పక్క గుంపులు మాత్రం ఈ ఫ్యాషన్‌ని పట్టించుకోలేదు. జూలీ చనిపోయాక కూడా కొన్ని ఆ సంప్రదాయాన్ని కొనసాగించాయి. దీన్ని చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి, ఒక స్థాపకురాలు, కొందరు అనుచరులు, అర్థం తెలియని ఆచారం, ఇంకేం కావాలి, ఇంకో వెయ్యేళ్లు వదిలేస్తే ఎడమ చెవి వర్గం కుడి చెవి వర్గం అని విడిపోయేవాళ్లు. దీంతో పోలిస్తే 1953లో జపాన్ కోషిమా దీవిలో ఇమో అనే కోతి చిలగడదుంపని నీళ్లలో కడిగి తినడం, దాన్ని చూసి మిగతావి నేర్చుకోవడం నాకంత ఘనంగా అనిపించదు. అందరూ దాన్నే మెచ్చుకుంటారు గానీ, మట్టి పోతుంది కాబట్టి కడిగింది, అందులో సంస్కృతి ఏముంది, ఉపయోగం ఉంది గానీ.

సరే, ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను, ఎందుకంటే అడక్కుండా కాపీ కొట్టడం నిజంగానే ప్రాణాలు కాపాడింది. మొక్కజొన్న సంగతి చూడండి. మెక్సికో, దాని చుట్టుపక్కల జనం వేల ఏళ్లుగా మొక్కజొన్నని సున్నం నీళ్లలోనో బూడిద నీళ్లలోనో ఉడికించి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుకునేవాళ్లు. ఎందుకయ్యా అంటే "మా అమ్మ అలాగే చేసేది" తప్ప ఇంకో జవాబు ఉండి ఉండదు. కొలంబస్ తర్వాత యూరప్‌వాళ్లు గింజలు పట్టుకెళ్లారు, పంట బాగా పండింది, సున్నం మాత్రం వదిలేశారు, శుభ్రమైన గింజకి సున్నం కొట్టడమేంటి అనిపించి ఉంటుంది, అదే చింపాంజీ లాజిక్. 1735లో గాస్పర్ కాసల్ అనే డాక్టర్ స్పెయిన్‌లో ఓ వింత జబ్బు గురించి రాశాడు, చర్మం ఎర్రబడి పొలుసులు లేవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. దానికే తర్వాత పెల్లాగ్రా అని పేరు పడింది. మొక్కజొన్నే దిక్కయిన పేదవాళ్లని అది ఇటలీలో పట్టుకుంది, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలమందిని చంపింది. 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ ఇది అంటురోగం కాదు మొర్రో, తిండిలో లోటు అని మొత్తుకుంటే, నమ్మనివాళ్ల కోసం ఆయన రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకుని మరీ చూపించాల్సి వచ్చింది. 1937కి గానీ ఆ లోటు నయాసిన్ అనే విటమిన్ అని తేలలేదు. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నా మన ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది, దాన్ని విడిపించేది సున్నం. అంటే ఏ విటమిన్ పేరూ తెలియని అమ్మమ్మలు ఆరోగ్యంగా ఉన్నారు, పనికిరాని స్టెప్ అని తెలివిగా కోసేసినవాళ్లు రెండొందల ఏళ్లు చచ్చారు.

అలాగని పూర్తిగా అమ్మమ్మల పార్టీలో చేరిపోను. ఏ స్టెప్‌లో విటమిన్ ఉందో, ఏ స్టెప్ చెవిలో గడ్డిపరకో బయటికి చూస్తే ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. ఆ తేడా కనిపెట్టడానికే మనం పండితుల్ని పోషిస్తున్నాం. వాళ్ల పనితనం ఎలా ఉంటుందంటే, 1912లో ఇంగ్లండ్‌లో పిల్ట్‌డౌన్ దగ్గర ఓ పుర్రె, ఓ దవడ దొరికాయన్నారు. మనిషి మెదడు, కోతి దవడ, ఇదే మన మూలపురుషుడు అని ప్రకటించారు. తర్వాత అదే గుంటలో క్రికెట్ బ్యాట్ ఆకారంలో ఉన్న ఎముక పనిముట్టు కూడా దొరికింది, దొరికినా చాలామందికి అనుమానం రాలేదు, ఆదిమానవుడు ఇంగ్లీషువాడై ఉండాలనే ఆశ అంత బలమైనది. 1925లో రేమండ్ డార్ట్ అనే శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలో దొరికిన అసలైన పసిపుర్రెని పట్టుకుని "ఇదిగో మన పూర్వీకుల చుట్టం" అంటే, పిల్ట్‌డౌన్‌తో పోలిక కుదరలేదని చాలామంది పెదవి విరిచారు. 1953లో తేలిందేమిటంటే, పుర్రె మనిషిదే, దవడ ఒరంగుటాన్‌ది, పళ్లు ఆకురాయితో అరగదీసి, పాతగా కనబడాలని రంగు పూశారు. నలభై ఏళ్లు. ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం, ఒక ప్రొఫెసర్‌ని చూసి ఇంకో ప్రొఫెసర్. పాపం ఎవర్నీ డిబార్ చేయలేదు.

చదువుల సంగతి కూడా ఇంతే. మెసొపొటేమియాలో నాలుగు వేల ఏళ్ల కిందటి బడిపిల్లల మట్టి పలకలు చాలా దొరికాయి, గుండ్రంగా అరచేతిలో పట్టేంత, ఓ చోట గురువుగారు రాసిన నమూనా, ఇంకో చోట శిష్యుడు వంకరటింకరగా దాన్ని చూసి దించిన కాపీ. కాపీయే సిలబస్. మన కణాలు చేసేదీ అదే పని, మూడొందల కోట్ల అక్షరాల డీఎన్‌ఏని చూసి రాసుకోవడం, అందులో ఒక్కో బిడ్డకి సుమారు 60, 70 కొత్త తప్పులు దొర్లుతాయి, ఆ తప్పుల్లో పనికొచ్చినవి నిలబడబట్టే మనం చేపలుగా మిగిలిపోలేదు. అంటే మంచిగా కాపీ కొట్టడం సంస్కృతి, చెత్తగా కాపీ కొట్టడం పరిణామం, రెండిట్లోనూ మనకి ఫుల్ మార్కులు.

ఒక్క విషయమే కంగారు పెడుతోంది. ఈ పనికిరాని స్టెప్పులు కాపీ కొట్టే పోటీలో చింపాంజీలకి దగ్గరి చుట్టాలైన బొనోబోలకి పరీక్ష పెడితే అవి చింపాంజీల్లాగే మొహం తిప్పుకున్నాయి, హమ్మయ్య అనుకున్నాం. కానీ 2018లో వియన్నాలో కుక్కలకి పెట్టారు. యజమాని వెళ్లి గోడ మీది కాగితానికి అంటించిన రంగు చుక్కలని ముట్టుకుంటాడు, ఆ తర్వాత తలుపు జరిపి తిండి చూపిస్తాడు. చుక్కలకీ తిండికీ ఏ సంబంధమూ లేదు. అయినా దాదాపు సగం కుక్కలు వెళ్లి ఆ చుక్కలని ముక్కుతో ముట్టుకున్నాయి. తర్వాత ఇంకో పరీక్షలో అదే పని ముక్కూ మొహం తెలియనివాడు చేసి చూపిస్తే మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అంటే అర్థం లేని ఆచారం వచ్చేసింది, మనవాడు చేస్తేనే ఒప్పు అనే పట్టింపూ వచ్చేసింది. మిగిలిన సగం కుక్కల్ని ఆ చుక్కలు ఎందుకు ముట్టుకోలేదని నిలదీయడానికి ఓ కమిటీ వేసుకోవడమే తరువాయి.