మినిమం పెద్దమనిషి

అప్పు ఎంతో చెప్పను. చెబితే మా ఆవిడకి మళ్లీ మొదటినుంచీ కోపం వస్తుంది. లెక్క కోసం 100 అనుకోండి. ఆ వంద నా పాత క్రెడిట్ కార్డు మీద వడ్డీ మేస్తూ, నెలనెలా ఒళ్లు చేస్తూ ఉండేది.

అలాంటి సమయంలో ఇంకో బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. మీ బాకీని మా కార్డుకి మార్చుకోండి, 12 నెలలు వడ్డీ సున్నా అని. దీన్ని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారట. సున్నా అన్న మాట చూశాక తరవాతి వాక్యం చదివే ఓపిక నాకు లేకపోయింది. నూటికి 3 చొప్పున ట్రాన్స్‌ఫర్ ఫీజు అన్న ముక్క ఆ తరవాతి వాక్యంలోనే ఉంది. అలా నా వంద కొత్త కార్డులో కాలు పెట్టగానే 103 అయింది.

పోనీలే, మూడేగా అనుకున్నాను. ఆ ఊపులో ఇంటిల్లిపాదినీ పిలిచి, అందరూ చూస్తుండగా పాత కార్డుని కత్తెరతో నాలుగు ముక్కలు చేశాను. "ఏడాదిలో అప్పు ఖతం. ఆ నెలే నీకు సైకిలు" అని మా అమ్మాయికి మాట కూడా ఇచ్చాను. పదిహేను రోజులకి పాత బ్యాంకు నుంచి బిల్లు వచ్చింది. బాకీ అటునుంచి ఇటు చేరేదాకా గడిచిన రోజులకి వడ్డీ పడిందట. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లుంటారు. దాటకముందే తగలేసిన ఘనుణ్ణి నేనే. ప్లాస్టిక్ ముక్క తెగింది గానీ ఖాతా తెగలేదు.

సరే, అది కట్టేశాను. కొత్త కార్డు మొదటి స్టేట్‌మెంట్ వచ్చింది. మొత్తం బాకీ 103. కట్టవలసిన కనీస మొత్తం, అంటే మినిమం డ్యూ, అందులో 2 శాతం, 2.06. ఈ రెండిట్లో నా కళ్లు దేని మీద వాలాయో వేరే చెప్పాలా?

ఈ మినిమం ఒక్క నెల తప్పినా ఆలస్య రుసుము పడుతుంది, సున్నా వడ్డీ ఆఫరే రద్దు కావచ్చు అని అక్కడే రాసి ఉంది. అది మాత్రం శ్రద్ధగా చదివాను. భయపెట్టే వాక్యాలు నాకు బాగా అర్థమవుతాయి. వెంటనే ఆటో పే పెట్టడానికి కూచున్నాను. మొత్తం కడతారా, మినిమం కడతారా, మీరు చెప్పిన అంకె కడతారా అని యాప్ మర్యాదగానే అడిగింది. మినిమం మీద నొక్కి, ఫోను పక్కన పెట్టి పడుకున్నాను. దాదాపు ఏడాది దాకా లేవలేదు.

మధ్యమధ్య ఒక కన్ను తెరిచి మెసేజ్‌లు చూసేవాణ్ణి. రెండో నెల మినిమం 2.02. మూడో నెల 1.98. ఇలా నెలనెలా తగ్గుతోంది. నేను క్రమం తప్పక కడుతున్నానని మెచ్చి బ్యాంకువాళ్లే తగ్గిస్తున్నారనుకున్నాను. ఆఫీసులో ఇద్దరికి సలహా కూడా ఇచ్చాను. వాళ్లు పాటించలేదు కాబట్టే ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు.

ఓసారి, సున్నా వడ్డీ కార్డు కదా అని దాని మీదే బూట్లు కొన్నాను. సున్నా మార్చుకున్న బాకీకే గానీ బూట్లకి కాదట. కొన్న రోజునుంచే వాటికి మామూలు వడ్డీ. ఆ బిల్లు మా ఆవిడ తన జీతంలోంచి కట్టేసింది. అప్పట్నుంచీ నేను బూట్లు వేసుకున్నప్పుడల్లా ఆవిడ వాటికేసే చూస్తుంది, నాకేసి చూడదు.

పన్నెండో మినిమం కూడా కట్టుబడి అయింది. ఇక సున్నా చూపిద్దామని మా అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని యాప్ తెరిచాను. 80.83 అని ఉంది.

బ్యాంకువాళ్లు ఏదో పొరపాటు చేశారని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"ప్రతి నెలా కట్టారు సర్. ఒక్కటీ మిస్ కాలేదు సర్" అందా అమ్మాయి.

"మరి తీరాలిగా?"

"మినిమం కడితే ఖాతా సక్రమంగా ఉంటుంది సర్. బాకీ కూడా ఉంటుంది సర్."

ఫోన్ పెట్టేసేసరికి మా అమ్మాయి నోటుబుక్కు తెచ్చుకుంది. వాళ్లకి స్కూల్లో శాతాల పాఠం జరుగుతోంది, నా ఖర్మ.

"నాన్నా, ఈ 2 శాతం దేని మీద? మిగిలినదాని మీద. అది తగ్గితే నువ్వు కట్టేదీ తగ్గుతుంది. ఇలా అయితే సున్నా ఎప్పటికీ రాదు."

"ఎప్పటికీనా?"

"దగ్గరికి వస్తుంది. రాదు."

అందుకే కాబోలు, శాతం లెక్క మరీ చిన్నదైపోతే ఇంతకు తగ్గకుండా కట్టాలని ఇంకో అంకె కూడా నియమాల్లో పెడతారు. లేకపోతే నా మునిమనవలు కూడా ఆటో పేలోనే పుట్టేవాళ్లు.

మా అమ్మాయి లెక్క పూర్తి చేసింది. ఏడాదంతా నేను కట్టింది 22 చిల్లర. అందులో 3 ఫీజుకే సరి. అసలులో తరిగింది 19. వడ్డీ అడగని ఏడాది మళ్లీ వస్తుందో రాదో! ఆ ఏడాదిలో నేను సాధించింది అది. నోటుబుక్కులోకి తొంగిచూసిన మా ఆవిడ 103ని 12 పెట్టి భాగించి, "నెలకి ఎనిమిదిన్నర పైచిలుకు కట్టి ఉంటే..." అని ఆగిపోయింది. మా ఇంట్లో ప్రమాదకరమైనవన్నీ సగం వాక్యాలే.

ఆఫర్ గడువు ముగిసింది. మిగిలిన 81కి మామూలు వడ్డీ మొదలైంది. తరవాతి నెల మినిమం కూడా ఎగిరి కూచుంది, వడ్డీ వచ్చి అందులో చేరిందట. నన్ను మెచ్చుకున్న బ్యాంకు ఇదేనా అని చాలాసేపు ఆ అంకెకేసి చూశాను. తరవాత యాప్ తెరిచి, ఏడాది కిందట నాకేం పనన్నట్టు వదిలేసిన మూడో ఆప్షన్ నొక్కాను. అంకె మాత్రం నేను చెప్పలేదు. వెనకనుంచి మా ఆవిడ చెప్పింది.

సైకిలు సంగతి నేను ఎత్తలేదు. మా అమ్మాయే ఎత్తింది.

"మొత్తం ఒకేసారి వద్దులే నాన్నా. నెలకి 2 శాతం కొను. ముందు బెల్లు తెచ్చెయ్."

తెచ్చాను. సైకిలు లేని ఆ బెల్లు ఇప్పుడు నా మంచం పక్కన గోడకి బిగించి ఉంది. ప్రతి నెలా గడువు తేదీకి రెండు రోజుల ముందు, నేనింకా నిద్ర లేవకముందే మోగుతుంది.