ఇంకో ఐదు వేలు వేసుకో అక్కా

బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు కదలడం లేదు, నిలబడే టైప్ చేస్తున్నా. పీజీకి వెళ్ళేదాకా ఆగితే కోపం చల్లారిపోతుంది, అది నాకిష్టం లేదు.

మూడు నెలలు బయట తిండి మానేసి, పీజీలో ఆ బెల్లం సాంబారు తిని దాచుకున్న పదిహేను వేలు పట్టుకుని బేస్ గిటార్ (లావు తీగలు నాలుగుండి, కింది స్వరాలు పలికేది) కొందామని షాపుకెళ్ళా. కౌంటర్లో కుర్రాడి మొదటి ప్రశ్న, "తమ్ముడికా మేడమ్?" నాకే అన్నా. నా చేతుల వంక చూశాడు. ఇంతలో అమ్మ ఫోన్ చేసింది, నా తెలుగు విని మాది కదిరి అన్నాడు, ఆ నిమిషం నుంచి మేడమ్ కాస్తా అక్క అయ్యింది, అవమానం కూడా శుభ్రంగా మాతృభాషలోకి మారింది. "బేస్ మెడ పొడుగక్కా, నీ చేతికి అందదు, బుల్లి గిటార్ లాంటి ఉకులేలే చూపిస్తా, పింక్ కూడా ఉంది."

పింక్ అంట!

మామూలు బేస్ స్కేలు, అంటే తీగ మోగే పొడుగు, 34 అంగుళాలు, పొడుగే, కాదన్లేదు. కానీ 30 అంగుళాల షార్ట్ స్కేలువి కూడా ఉంటాయని, జాజ్ బేస్ అనే మోడల్ తరహావాటికి మెడ పైకొసన, తీగలు ఆనే నట్ దగ్గర, వెడల్పు 38 మిల్లీమీటర్లే ఉంటుందని, చిన్న చేతులకి హాయిగా పడుతుందని అమ్మేవాడికి కొనేదాన్ని నేను పాఠం చెప్పాలా? బీటిల్స్ పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న ఆ వయొలిన్ లాంటి హోఫ్నర్ కంపెనీ బేస్ షార్ట్ స్కేలే. ఎందుకు కొన్నాడు? ఫెండర్ కంపెనీది కొనే డబ్బుల్లేక! అది దాదాపు 30 పౌండ్లకే వచ్చింది. అప్పుడు ఆ షాపులో మన కదిరి తమ్ముడుంటే "ఇంకో డెబ్భై వేసుకో అన్నా" అనేవాడు, ప్రపంచానికి ఆ పాటలు ఉండేవి కావు. (1972లో ఆ బేస్‌ని ఎవరో ఎత్తుకుపోతే యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆయన చేతికొచ్చింది. కాలేజీలో నా కేబుల్ పట్టుకెళ్ళిన లీడ్ గిటారిస్టు ఇది చదువుతుంటే, ఇంకా టైముంది నీకు.)

బడ్జెట్ చెప్పగానే అసలు పాట మొదలైంది. ఇంకో ఐదు వేలు వేసుకో అక్కా, మంచి కంపెనీది వస్తుంది. అక్కడికెళ్తే ఇంకో ఐదు వేసుకుంటే యాక్టివ్‌ది వస్తుంది. యాక్టివ్ అంటే ఏంటి తమ్ముడూ, లోపల సౌండ్ పెంచే ప్రీయాంప్, దానికో 9 వోల్టుల బ్యాటరీ, కేబుల్ పీకడం మర్చిపోయావో వాయించకపోయినా బ్యాటరీ తింటూనే ఉంటుంది, చాలావాటిలో అది అయిపోతే కుయ్ మని కూడా అనదు. నాకొద్దు. ఒక వాల్యూమ్, ఒక టోన్, చెడిపోడానికి ఎక్కువేమీ లేనిది చాలు. పది నెలల అద్దె అడ్వాన్సు అడిగే ఊళ్ళో "ఇంకో ఐదు" అనడం ఎవరికీ నోరు నొప్పి కాదు, నాకు తెలుసు.

పన్నెండు వేలది ఒకటి దించాడు. మెడ మీద ఏడో ఫ్రెట్ (అడ్డపట్టీ) దాటాక ప్రతి స్వరానికీ తేనెటీగ దూరినట్టు ఒకటే జుయ్. మెడ వంపు సరిచేసే ట్రస్ రాడ్ తిప్పి, కింది కొసన బ్రిడ్జ్ దగ్గర తీగలు కాస్త లేపితే పోతుందేమో చూడమన్నా. "వాయించగా వాయించగా పోతుందక్కా." కొత్త చెప్పులా అది, అరిగి సర్దుకోడానికి? సరే, సౌండ్ వచ్చే పెట్టె, ఆంప్ సంగతేంటంటే చిన్న గిటార్ ఆంప్ చూపించి సౌండ్ పెంచుకో అంటాడు. బేస్‌లో కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ బుల్లి స్పీకర్ చిరిగిపోతే వీడిస్తాడా? పీజీలో ఉండేదానికి బేస్‌కి కేబుల్ పెట్టే జాక్‌లో గుచ్చుకునే హెడ్‌ఫోన్ ఆంప్ చాలు, పక్కమంచం అమ్మాయికి నైట్ షిఫ్టు.

వాడిని అని ఏం లాభం, మా ఇంట్లోనే ఉన్నాడు ఇంకొకాయన. తెనాలి మామయ్య. పొద్దున ఫోన్లో రేటు వినగానే, "ఆరు తీగలది ఏడు వేలకొస్తుంటే నాలుగు తీగలదానికి పదిహేనా? రెండు తీగలు తగ్గితే రేటు కూడా తగ్గాలి కదమ్మాయ్!" లెక్కల మాస్టారు లెండి.

ఈయన మీద నాకు పాత బాకీ ఒకటుంది. కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాండ్ వాయించింది. ముగ్గురు మగపిల్లలకీ లీడే కావాలి, బేస్ ఎవరికీ వద్దు, అలా నా మెళ్ళో పడింది, పడ్డాక నేను వదల్లేదు. ఆ వీడియో మామయ్య ఫోన్లో చూశాడు. ఫోన్ స్పీకర్లో ఆ కింది స్వరాలు ఎక్కడ పలుకుతాయి? అక్క పెళ్ళిలో బంతి మధ్యలో, గారె కొరుకుతూ, అందరూ వినేలా, "అందరూ వాయిస్తుంటే నువ్వు దాన్ని పట్టుకుని ఊరికే నిలబడ్డావేంటమ్మాయ్, సిగ్గేసిందా?" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. వెనక ఆర్కెస్ట్రాలో కీబోర్డు అబ్బాయి ఎడమ చేత్తో బేస్ లాగించేస్తున్నాడు, దానికి మాత్రం మామయ్య కాలు ఊగుతూనే ఉంది. కారులో ఇళయరాజా పెట్టుకుని స్టీరింగ్ మీద దరువేస్తాడే, ఆ కదలిక ఎక్కణ్ణుంచి వస్తోందనుకున్నాడో!

రేపు పొద్దున యెలహంక వెళ్తున్నా. లాక్‌డౌన్‌లో కొని నాలుగు రోజులు వాయించి మంచం కింద పడేసిన సాఫ్ట్‌వేర్ ఆయన ఒకరు జాజ్ తరహాది తొమ్మిది వేలకి ఇస్తానన్నారు. మెడ వంగిందేమో కన్ను పెట్టి చూస్తా, ప్రతి ఫ్రెట్ మీదా ప్రతి తీగా మీటి చూస్తా, జాక్ గరగరమంటే ఐదొందలు తగ్గించమంటా. తీగలు తుప్పు పట్టే ఉంటాయి, కొత్త సెట్టుకి రెండు వేల దాకా పోతుంది, హెడ్‌ఫోన్ ఆంప్‌కి ఇంకో రెండు. అన్నీ పోను మిగిలేదాంట్లో ఒక మంచి హెడ్‌ఫోన్స్ కొంటున్నా.

నాకు కాదు, తెనాలికి కొరియర్.